రొట్టెల పొయ్యిలో తప్పిపోయిన కాలం

మా ఆయన అక్కను ఆఫీసులో అందరూ నిదానమ్మ అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో కానీ, పెట్టినవాళ్ళకు మనుషుల్ని చదవడం బాగా వచ్చు. ఆవిడ చల్లారిపోయిన టీని కూడా ఊదుకుంటూ తాగేది. ఇంటికి ఎవరైనా పరుగెత్తుకుంటూ వచ్చి కొంప మునిగిందన్నా, "ఎంతవరకు మునిగింది?" అని అడిగే రకం.

నాకు మాత్రం వదిన. ఒకే ఇంట్లో కింది వాటాలో మేమూ, పై వాటాలో ఆవిడా ఉండేవాళ్ళం. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. కింద వీధి వైపు గదిలో నా కుట్టుమిషను ఉండేది. ఆఫీసు నుంచి రాగానే పైకి పోకుండా ఆ గదిలోనే, కత్తిరించిన గుడ్డముక్కల మధ్య చోటు చేసుకుని కూచునేది. నేను కాజాలు కుడుతూ ఉంటే ఆవిడ తన పని గురించి చెప్పేది. నాకు అర్థమయ్యేది తక్కువ. అయినా ఊ కొట్టేదాన్ని. ఊ కొట్టేవాళ్ళుంటే చెప్పేవాళ్ళకు బుర్ర తేలికవుతుంది కదా.

ఆవిడ పని ఏమిటంటే, పాత కంప్యూటర్లు చచ్చిపోతాయి. వాటి విడిభాగాలు ఎక్కడా దొరకవు. వాటిలో నడిచిన ప్రోగ్రాములు మాత్రం చెడిపోవు. రాసినవాళ్ళు ఎక్కడున్నారో తెలియదు, కొత్తగా రాయించే ధైర్యం ఎవరికీ ఉండదు. అందుకని కొత్త కంప్యూటర్లో, పాత కంప్యూటర్ వేషం కట్టే ప్రోగ్రామును ఒకదాన్ని తయారు చేస్తారు. దాన్ని ఎమ్యులేటర్ అంటారట. పాత ప్రోగ్రాము అందులో కూచుని, తాను ఇంకా పాత ఇంట్లోనే ఉన్నాననుకుని పని చేసుకుపోతుంది.

"అంటే మోసం అన్నమాట" అన్నాను మొదటిసారి విన్నప్పుడు.

"మోసమే. కాకపోతే మోసపోయినవాడికి కూడా లాభమున్న మోసం" అంది వదిన.

మా పేటకంతటికీ రొట్టెలు ఒకే కార్ఖానా నుంచి వచ్చేవి. అక్కడి పొయ్యి మామూలు పొయ్యి కాదు, రైలుపెట్టెలంత పొడవైన ఇనుప సొరంగం. గ్యాసుతో మండుతుంది. ఒక కొసన పిండిముద్దలు కదిలే పట్టా ఎక్కి లోపలికి పోతే, రెండో కొసన రొట్టెలై బయటికి వస్తాయి. మంట ఎప్పుడు వెలగాలో, పట్టా ఎంత వేగంగా కదలాలో చూసుకునే పాత కంప్యూటర్ ఒకరోజు కన్ను మూసింది. వదిన వాళ్ళ చిన్న కంపెనీ ఆ పని ఒప్పుకుంది. నెలల తరబడి కష్టపడి వదిన ఎమ్యులేటర్ తయారుచేసి పెట్టింది. పొయ్యి మళ్ళీ వెలిగింది. కార్ఖానా వాళ్ళు సంతోషపడి ఆవిడ చేతికో వేడి రొట్టె ఇచ్చి పంపారు. అది మేమందరం పంచుకుని తిన్నాం.

కొన్నాళ్ళకు పొయ్యి ఆగిపోయింది.

పట్టా నిలిచిపోయి, మంటలు ఆరిపోయి, గోడమీద ఎర్రదీపం వెలిగింది. లోపలున్న పిండంతా అటు పిండీ కాక, ఇటు రొట్టే కాక పాడైపోయింది. తెరమీద "మంట ఆరింది" అని రాసి ఉందట. వింత ఏమిటంటే, మంట ఆరిన సమయం అది వెలిగిన సమయం కంటే ముందుంది. పుట్టకముందే పోయినట్టు. పాత ప్రోగ్రాము ఆ తలకిందుల లెక్క చూసి హడలిపోయి, అన్నీ ఆపి కూచుంది.

వదిన వెళ్ళి రోజంతా పొయ్యి పక్కనే కూచుంది. అది ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంటికొచ్చిన మర్నాడు ఆగింది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ బుద్ధిగా నడిచింది.

"మీరుంటే ఎంత వినయమో చూడండమ్మా" అన్నాడట అక్కడి పొయ్యి మేస్త్రి. "అత్తగారు ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ కోడలు తల ఎత్తదన్నట్టు."

వదిన నవ్వి ఊరుకుంది కానీ, ఇంటికొచ్చి చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు. ఎమ్యులేటర్లో అడుగడుగునా ఏం జరుగుతోందో రాసిపెట్టేలా కొన్ని వరుసలు చేర్చింది. అలా చేర్చగానే తప్పు మాయమైంది. తీసేస్తే తిరిగొచ్చింది. ఆ రోజు నా ఎదురుగా కూచుని, "చూస్తే ఉండదు, చూడకపోతే ఉంటుంది. ఇలాంటిదాన్ని దయ్యమంటారు గానీ తప్పు అనరు" అంది.

భోజనాల దగ్గర మా ఆయన ఆవిడను ఆటపట్టించాడు. "అక్కా, కాలం వెనక్కి నడవడం నిజమైతే నా నెత్తిమీద జుట్టున్న రోజులకు ఓసారి తీసుకుపో."

"అది బయటి కాలం కాదురా. పొయ్యి ప్రోగ్రాముకు మేం చూపించే కాలం."

"దొంగ కాలమా?"

"అలాగే అనుకో. మనం పాత కంప్యూటర్ని ఓ క్షణం నిద్రపుచ్చితే దాని గడియారం కూడా ఆగాలి. లేపితే ఆగినచోటు నుంచే నడవాలి. తను నిద్రపోయానన్న సంగతి దానికి తెలియకూడదు."

"ఆపరేషన్ థియేటర్లో మత్తిచ్చినట్టు" అన్నాన్నేను.

"ఆఁ, అలా. చిక్కేమిటంటే ఎమ్యులేటర్ లోపల పనిచేసేది ఒక్కరు కాదు. కొన్ని థ్రెడ్లుంటాయి."

"దారాలా? ఆ సంగతి నన్నడుగు" అన్నాను.

"నీ దారాలు కావే తల్లీ. ఒకటి పాత కంప్యూటర్ మెదడు వేషం కడుతుంది. ఒకటి పొయ్యిలో వేడి ఎంతుందో చూస్తుంది. ఇంకొకటి, ఎప్పుడు ఏ గంట కొట్టాలో చూసుకుంటుంది. అన్నీ ఒకేసారి, ఎవరి వేగంతో వాళ్ళు నడుస్తుంటాయి. అయినా ఎవర్నడిగినా ఒకే సమయం చెప్పాలి. ఒకరు పదన్నాక ఇంకొకరు తొమ్మిదిన్నర అనకూడదు. అంటున్నారు. ఎవరంటున్నారో, ఎందుకంటున్నారో నాకు తెలియడం లేదు."

రాసిన ప్రోగ్రామంతా మొదటినుంచి చివరిదాకా చదివింది. తప్పు కనబడలేదు. ఇంకోసారి చదివింది. రెండోసారి చదివినప్పుడు, తను రాసింది కూడా ఎవరో రాసినట్టు అనిపించిందట. ఆ వారం ఒకరోజు దిగాల్సినచోట బస్సు దిగకుండా చివరి స్టాపు దాకా పోయింది. మరోరోజు నా చెప్పు ఒకటి, తన చెప్పు ఒకటి వేసుకుని ఆఫీసుకు వెళ్ళొచ్చింది. రెండు కాళ్ళకూ వేరువేరు ఎత్తులున్నాయేమోనని దారంతా అనుమానపడిందట కానీ, కిందకు చూడలేదు.

ఒక సెలవురోజు పగటిపూట నేనో లంగా అంచు కుడుతున్నాను. వదిన గుడ్డముక్కల్ని రంగుల వారీగా సర్దుతూ కూచుంది. ఉన్నట్టుండి చేతులాగిపోయాయి.

"వెనక్కి జరిగే కాలం ముందుకు కూడా జరగొచ్చు కదే" అంది.

"జరిగితే?"

"పొయ్యి వెలిగించే ముందు, లోపల మిగిలిన గ్యాసు పోవడానికి కొన్ని నిమిషాలపాటు పంకా తిరగాలి. ఆ పొయ్యి పాతది, ఆ నిమిషాలు లెక్కపెట్టేది ఆ ప్రోగ్రాము ఒక్కటే. వేరే కాపలా లేదు. గడియారం ముందుకు దూకితే, నిమిషాలు గడిచిపోయాయనుకుని నిప్పురవ్వ వేసేస్తుంది."

"లోపల గ్యాసుంటే?"

వదిన చేతిలోని గుడ్డముక్కలు కింద పెట్టేసింది. పిండి ఎక్కించే కొసన ఎప్పుడూ మనుషులు నిలబడే ఉంటారని నాకూ తెలుసు. రొట్టెలు కొనడానికి వెళ్ళినప్పుడు చూశాను.

"ఎప్పుడైనా అలా జరిగిందా?" అన్నాను.

"లేదు. జరుగుతుందని కూడా చెప్పలేను. నాకేం అర్థం కావడం లేదు."

అక్కడికక్కడే తన కంపెనీ యజమానికి ఫోన్ చేసింది. ఆయన గొంతు పెద్దది, పక్కనున్న నాకూ వినబడుతూనే ఉంది.

"పొయ్యి ఆపించాలా? రుజువేమైనా ఉందామ్మా?"

"లేదు సార్."

"పోనీ కారణం తెలిసిందా?"

"తెలియలేదు సార్."

"మరి ఏం చూసుకుని ఆపమంటున్నారు?"

"తెలియదు కాబట్టే ఆపమంటున్నాను."

 ఆయన, సెలవు అయ్యాక ఆఫీసులో కూచుని నింపాదిగా ఆలోచిద్దామన్నాడు. వదిన సరేనని ఫోన్ పెట్టేసి చీర మార్చుకోవడానికి పైకి పోయింది. ఆవిడ మెట్లు గబగబా ఎక్కడం నేను చూసింది అదొక్కసారే. దిగి వచ్చి, "నాతో రా. ఒక్కదాన్నే పోతే మధ్యలో మనసు మార్చుకుంటాను" అంది.

కార్ఖానాలో పొయ్యి ఆర్చి ఉంది. మధ్యాహ్నం వాయి కోసం అప్పుడే వెలిగించబోతున్నారు. మేస్త్రి బనీనుకు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. వయసు మళ్ళిన మనిషి, కనుబొమల మీద కూడా పిండి ఉంది. వదిన నాకు చెప్పినదంతా ఆయనకూ చెప్పింది.

"కాలం ముందుకు దూకడమేంటమ్మా?" అన్నాడు ఆయన.

"దూకుతుందో లేదో నాకూ తెలియదు మేస్త్రిగారూ."

"ఆపితే రేపు పేటలో రొట్టె ఉండదు. అందరూ నా పీకమీద కూచుంటారు. నేనేం చెప్పను?"

"నిదానమ్మ ఆపమందని చెప్పండి."

ఆయన సొరంగం మూతివైపు చూశాడు. అక్కడ నలుగురు ఆడవాళ్ళు పళ్ళేల మీద పిండిముద్దలు సర్దుతున్నారు. ఒకామె ఏదో అంది, మిగతావాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. మేస్త్రి వెళ్ళి గ్యాసు కవాటాన్ని చేత్తో తిప్పి మూసేశాడు.

"మీరు చెప్పింది ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. మీ మొహం చూసి ఆపుతున్నానంతే" అన్నాడు.

తర్వాతి రోజులు బాగా గడవలేదు. యజమాని అందరిముందూ అరిచాడట. తర్వాత గదిలోకి పిలిచి, "మీకు విశ్రాంతి కావాలేమోనమ్మా" అన్నాడట మెత్తగా. అరిచినందుకంటే ఆ మెత్తదనానికే వదిన ఎక్కువ బాధపడింది. కూరగాయల దుకాణం దగ్గర ఒకావిడ నన్ను నిలబెట్టి, "మీ వదినేనటగా మా పిల్లల నోటిదగ్గర రొట్టె లాగేసింది" అని అడిగింది. నేను నాలుగు దులిపి వచ్చాను. ఇంటికొచ్చాక మాత్రం నాకూ అనుమానం పీకింది. ఈవిడ నిజంగానే ఎక్కువ ఆలోచిస్తోందా? మా ఆయనైతే పైకే అనేశాడు. "అక్కకు ఆ ప్రోగ్రాము తప్ప లోకం లేదు. లోకం లేనివాళ్ళకు అన్నీ దయ్యాల్లాగే కనబడతాయి."

ఆ మాట ఆవిడ చెవిన పడింది. పడనట్టే నిదానంగా మెట్లెక్కి పోయింది.

ఆఫీసులో ఎవరూ పలకరించని ఒక మూల, వదిన గ్యాసూ పిండీ లేని ఉత్తుత్తి పొయ్యి ఒకటి కంప్యూటర్లోనే కట్టింది. ఇదివరకులా అన్నీ రాసిపెట్టలేదు. లోపలి థ్రెడ్లన్నిటినీ ఊపిరి తిప్పుకోకుండా "టైమెంత, టైమెంత" అని అడిగేలా చేసి, ఇప్పుడు చెప్పిన సమయం ఇంతకుముందు చెప్పినదానికంటే తక్కువైతే మాత్రమే కేక వెయ్యమంది. కేక పడలేదు. చాలాసేపు చూసి, విసుగొచ్చి, అదే కంప్యూటర్లో ఏదో పెద్ద బొమ్మ తెరిచింది, కాస్త కళ్ళకు మార్పుగా ఉంటుందని. అప్పుడు పడింది కేక. బొమ్మ మూస్తే ఆగింది. తెరిస్తే మళ్ళీ మొదలైంది.

సాయంత్రం వచ్చి, నా కుట్టుమిషను మీద చెయ్యి వేసి ఆపేసింది.

"బస్టాండులో పాతకాలం గడియారం బోర్డు ఊహించుకో. గంటలకో పలక, నిమిషాలకో పలక. తొమ్మిది యాభైతొమ్మిది అయింది. నిచ్చెన మీదున్నవాడు పది గంటలు చెయ్యాలి. ముందు గంట పలక మార్చాడు. నిమిషాల పలక ఇంకా మార్చలేదు. సరిగ్గా అప్పుడు నువ్వు తలెత్తి చూశావు. నీకేం కనబడుతుంది?"

నేను వేళ్ళు మడిచాను. "పది... యాభైతొమ్మిది."

"ఆ సమయం ఇంకా రానే లేదు. వాడు రెండో పలక మార్చాక నువ్వు మళ్ళీ చూస్తే?"

"పది."

"అంటే కాలం వెనక్కి పోయిందంటావు."

ఎమ్యులేటర్లో సమయం కూడా రెండు అంకెలుగా ఉంటుందట, కలిపి చూసుకోవాలి. కొత్త కంప్యూటర్‌కు పని ఎక్కువై ఉక్కిరిబిక్కిరైనప్పుడు, పాత కంప్యూటర్‌ను ఓ క్షణం నిద్రపుచ్చి లేపుతుంది. అప్పుడు ఒక థ్రెడ్డు ఆ అంకెలు మారుస్తుంది. ఒకటి మార్చి రెండోది మార్చేలోపు, ఇంకో థ్రెడ్డు వచ్చి చదివేస్తోంది. కొత్తది సగం, పాతది సగం.

వదిన గొంతు తగ్గించింది. "మనం ఇన్నాళ్ళూ చూసింది వెనక్కి రావడమే. వెనక్కి రావాలంటే, ముందు ముందుకు వెళ్ళుండాలి కదే. ఆగిన ప్రతిసారీ అది అంతకుముందే దూకింది. మనకు కనబడలేదంతే."

పిండిముద్దలు సర్దే ఆ నలుగురు ఆడవాళ్ళూ నా కళ్ళముందు మెదిలారు.

"తాళం వేసుకోవచ్చు కదా? మార్చేటప్పుడు ఎవర్నీ రానివ్వకుండా" అన్నాను.

"వెయ్యొచ్చు. కానీ టైమడగడానికి కూడా అందరూ క్యూలో నిలబడాలి. పొయ్యి మందగిస్తుంది. దానికి బదులు మార్చేవాడు మొదలుపెట్టే ముందొకసారి, అయిపోయాక ఒకసారి ఓ గుర్తు అంకె పెంచుతాడు. చదివేవాళ్ళు చదవకముందు, చదివాక ఆ గుర్తు చూసుకుంటారు. మారితే, లేదా మార్పు మధ్యలో ఉన్నట్టు తెలిస్తే, చదివింది పారేసి ఇంకోసారి చదువుతారు."

మర్నాడు కార్ఖానాకు వెళితే మిగతా ముడి కూడా విడిపోయింది. ఎమ్యులేటర్ నడిచే కంప్యూటర్లోనే రొట్టె సంచుల మీది బొమ్మలు గీసే అమ్మాయి కూడా పనిచేసేదట. రెండు కంప్యూటర్లెందుకని కార్ఖానా వాళ్ళు పెట్టిన ఏర్పాటు. వదిన వచ్చినప్పుడల్లా ఆ అమ్మాయి మర్యాదగా తన పని మూసేసి, లేచి కుర్చీ ఇచ్చేది. బొమ్మలు మూస్తే కంప్యూటర్‌కు ఊపిరాడేది. ఊపిరాడితే తప్పు రాదు. వదిన నుదురు కొట్టుకుంది. "నీ మర్యాద మండిపోనూ! ఒక్కరోజు నన్ను నిలబెట్టుంటే ఎంత బాగుండేదే" అని ఆ అమ్మాయి బుగ్గ గిల్లిందట.

యజమాని ఉత్తుత్తి పొయ్యి నడవడం కళ్ళారా చూశాడు. కేకలు విన్నాడు. గడియారం ముందుకు దూకడమూ చూశాడు.  వదిన తన మార్పు చేసి చూపించింది. దాంతోపాటు, పంకా తిరగకపోతే గ్యాసును వదలని విడి పరికరం ఒకటి బిగించేదాకా పొయ్యి వెలగడానికి వీల్లేదంది. "నా ప్రోగ్రామును నమ్మి ఎవరూ అక్కడ నిలబడకూడదు సార్" అంది. ఈసారి ఆయన రుజువడగలేదు.

వెలిగించే రోజు నేనూ వెళ్ళాను. వదిన అందర్నీ బయటికి పంపింది, మేం కిటికీలోంచి చూశాం. మేస్త్రి మాత్రం కదల్లేదు. "మీరుంటే నేనూ ఉంటా. లేకపోతే ఇద్దరం పోదాం" అన్నాడు. పంకా తిరిగినంతసేపూ ఇద్దరూ పెళ్ళిచూపుల్లో పెద్దల్లా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు. మంట సొరంగం పొడవునా నీలంగా పాకింది. బయట ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. బొమ్మలమ్మాయి లోపలికి వెళ్ళి తన పెద్ద బొమ్మలన్నీ ఒకేసారి తెరిచి పెట్టింది. పొయ్యి ఆగలేదు.

కథ ఇక్కడితో ముగిసిందని మేమంతా అనుకున్నాం. వదిన అనుకోలేదు.

కొన్ని రోజుల తర్వాత, నేను చొక్కా కాలరు తిరగేస్తుంటే వచ్చి కూచుని, "ఒకటి కలవడం లేదు" అంది. పొయ్యి మొట్టమొదటిసారి ఆగిన రోజు ఆ బొమ్మలమ్మాయి సెలవులో ఉందట. కంప్యూటర్ మీద బరువేమీ లేదు. నిద్రపుచ్చి లేపిన జాడ కూడా లేదు. అంటే ఆ రెండు అంకెల్ని సగంలో చదివే వీలే లేదు. అయినా సమయం వెనక్కి పోయింది.

"ఆ అమ్మాయికి రోజు తప్పు గుర్తుందేమో."

"అడిగాను. ఆ రోజు వాళ్ళ అక్కకు పాప పుట్టింది. అది మరిచిపోయే రోజు కాదు."

యజమానితో చెబితే, నడుస్తున్నదాన్ని కెలకొద్దన్నాడు. మేస్త్రితో చెబితే పడీపడీ నవ్వాడు. "అమ్మా, ఇక ఆగదని చెప్పడానికొచ్చారా, ఆగుతుందని చెప్పడానికొచ్చారా?" అన్నాడు. "రెండూ చెప్పలేను. ఆగితే పిలవండి" అని వచ్చేసింది. ఆయన ఎప్పుడూ పిలవలేదు.

ఏళ్ళు గడిచాయి. కార్ఖానాకు కొత్త పొయ్యి వచ్చింది, పాతదాన్ని ముక్కలుగా కోసి లారీలో తీసుకుపోయారు. వదిన ఉద్యోగం మానేసి నా దగ్గర గుండీలు కుట్టడం నేర్చుకుంది. నిదానంగానే అయినా, ఆవిడ కుట్టిన గుండీ ఊడినట్టు ఎవరూ తిరిగి రాలేదు.

మొన్న, దారం ఎక్కించుకుంటూ ఎందుకో నేనే కదిపాను. "ఆ మొదటి రోజు ఏం జరిగుంటుందంటావు వదినా?"

"ఏమో. వేడి చూసే తీగ వదులైందేమో. లేకపోతే మధ్యలో ఏదో సరిచేస్తూ, నాకే తెలియకుండా దాన్ని కూడా సరిచేసేశానేమో. లేకపోతే..." అని ఆగిపోయింది. ఆ మూడోది ఏమిటో చెబుతుందని కాసేపు చూశాను. ఆవిడ కళ్ళు చిట్లించి చేతిలోని చొక్కా వైపే చూస్తోంది.

"ఇదేంటే, నాలుగు గుండీలకు ఐదు కాజాలు కుట్టావు?" అంది.

తీసుకుని లెక్కపెట్టాను. నిజమే. ఎలా కుట్టానో నాకూ తెలియలేదు.